ఆ పొగ ఉసేనప్పది కాదు

డబ్బా మూత తీస్తే
పులిసిన గంజి వాసన.
ముప్పై ఐదేండ్లు బీరువా కింద పడి ఉన్న రీలు,
అంచులు ముడుచుకుపోయి
ఎండిన చింతతొక్కు లెక్క అయింది.
అయినా ఆడింది.
మహబూబ్‌నగర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ గోడకు
దుప్పటి కట్టి ఆడిస్తే
పదహారు మందిమి చూసినం.

గద్వాల దాటి కృష్ణ వంతెన ఎక్కే
మీటరుగేజి కంకర బండి.
ఇంజను నెత్తిన
ఆకాశాన్ని మింగుతున్న నల్లటి పొగ.
అబ్బ, అన్నరు అందరు.
వెనక బల్ల మీద ఉసేనప్ప
తల వంచుకున్నడు.

నేను చెప్పాల్సింది ఈ పొగ గురించే.

అప్పుడు నాకు పద్నాలుగేండ్లు.
అట్టకు సిగరెట్ పెట్టెల వెండి కాగితం అంటించి
ఎండను మలిపి మనుషుల మొహాల మీద వేసుడు నా పని.
రోజుకు ఐదు రూపాయలు, రెండు చాయ్‌లు.
పిక్చరు తీసేది వామన్‌రావు సారు,
పార్శిల్ ఆఫీసు గుమాస్తా,
పీఎఫ్ లోను తీసి కెమెరా కిరాయికి తెచ్చినోడు.
ఒక్క ఇంజనునన్న కోతకు పంపకుండ
స్టేషను ముందర నిలబెట్టాలె,
ఇది చూస్తే పెద్దసార్లు కరుగుతరు, అంటుండె.

ఆ కెమెరాకు గడియారం లెక్క చావి.
ఒకసారి తిప్పితే
అర నిమిషం బతుకుతది.

మొదటిసారి బండి వచ్చినప్పుడు
పొగ ఉన్నదా లేదా అన్నట్టుండె.
జొన్నరొట్టెలు కాల్చే ఇంటి మీద
పొద్దుగూకంగ ఉంటది చూడు, అంత.
బొగ్గు పలచగ పరిచి,
నిప్పుకు ఎంత గాలి కావాల్నో అంతే ఇచ్చి,
ఇరవై ఏడేండ్ల చేతివాటం అది.
"వీడు డ్యూటీల ఉంటే
పొగగొట్టం పక్కన తెల్లధోతి ఆరేయొచ్చు"
అనేటోడు డ్రైవరు జోసప్ప.

మూడో పిల్లరు కాడికి ఇంజను చేరకముందే
చావి అయిపోయింది.
కెమెరా కిర్రుమని ఆగింది.
సారు నెత్తి కొట్టుకుండు.

వంతెన అవతల నుంచి బండిని వెనక్కి తెచ్చిండ్రు.
కంకర మీద కూసున్న గ్యాంగు కూలోళ్ళు ఒకటే నవ్వుడు.
"పోయిన బండి మల్లొచ్చుడు
ఇయ్యాల్నే చూస్తున్న" అన్నది సవారమ్మ,
కొంగుతో చెమట తుడుచుకుంట.

సారు ఇంజను కాడికి ఉరికిండు.
"ఈసారి నల్లగ కావాలె ఉసేనప్పా!
పొగ లేకుంటే ఇంజను పానంతో ఉన్నదని
వాళ్ళకెట్ల తెలుస్తది?"

ఉసేనప్ప పార దిక్కు చూసిండు.
జోసప్ప నది దిక్కు చూసిండు.
నేను అట్ట ఎత్తి
ఆయన చెంప మీద వెలుగు వేసిన.
ఆ వెలుగు ఇంకా ఉంది రీలులో,
అది ఒక్కటే అందులో నాది.

పొయ్యి నోట్లో బొగ్గు కుమ్మరించిండు,
కడుపు నిండిన పిల్లకు
ముద్దలు కుక్కినట్టు.

పెద్దసార్లు చూసిండ్రు.
బాగుందన్నరు. బిస్కెట్లు పెట్టిండ్రు.
ఆర్నెల్లకు ఇంజను
టన్నుల లెక్కన పోయింది.

ఇప్పుడు లైట్లు వేసినంక
ఓ పిల్లగాడు దగ్గరికొచ్చి మురిపెంగ అడిగిండు:
"తాతా, అంత పొగ నువ్వే చేసినవా?"
"చేసిన" అన్నడు ఉసేనప్ప.
కొంచెంసేపు ఆగి,
"పొగ గాదు బిడ్డా.
అదంత కాలకుండ పోయిన బొగ్గు."

దుప్పటి విప్పబోయి ఆగిన.
డబ్బా అడుగున దారం చుట్టిన చిన్న ముక్క,
ఎవరూ అతికించని మొదటిసారిది.
మెషీనుకు ఎక్కించిన.
ఉసేనప్పను మళ్ళ కూసోబెట్టిన.

ఎండిన కృష్ణ. రాళ్ళు.
దూరంగ వస్తున్న ఇంజను మొహం.
దాని మీద
ఉత్త ఆకాశం.